విరిగే రాయి, కరిగే రాయి

రాయి నీళ్లకు ఎలా లొంగుతుందో దాన్ని బట్టే దాని అందం ఉంటుందని నా నమ్మకం. రంగు, మెరుపు, గట్టిదనం ఇవన్నీ తర్వాతి సంగతులు. ఈ ఆలోచన నాకు తట్టింది గండికోట అంచున. గట్టిపడింది బెలూం గుహల అడుగున. రెండు చోట్లా పని చేసింది పెన్నేటి కుటుంబపు నీళ్లే. ఒకచోట ఆకాశం చూస్తుండగా కొండను కోశాయి, రెండో చోట ఎవరికీ కనపడకుండా నేల లోపల సున్నపురాయిని తొలిచాయి. ఈ రెండు పనుల్నీ ఒకే ప్రయాణంలో, ఒకదాని వెంట ఒకటిగా చూడాలి. విడివిడిగా చూసినవాళ్లకు సగమే దక్కుతుందని నాకనిపిస్తుంది.

మాది సోమల. మా వైపు రాయంటే గుండు. పుంగనూరు దారిలో పోయినా, చౌడేపల్లె పోయి బోయకొండ గంగమ్మను చూసుకున్నా, మదనపల్లె దాటి హార్సిలీ హిల్స్ ఎక్కినా కంటికి ఆనేవి నున్నటి బండలు, ఒకదాని మీద ఒకటి నిలబడ్డ గుండ్లు. ఇది గ్రానైటు జాతి రాయి, వయసు 200 కోట్ల ఏళ్లకు పైమాటే. ఎండకూ వానకూ ఇది లొంగే తీరు ఒక్కటే: పైపొర ఊడడం. మూలలకు రెండు మూడు వైపుల నుంచి దెబ్బ తగులుతుంది కాబట్టి ముందు మూలలే పోతాయి. అలా పోగా పోగా మిగిలేది గుండ్రం. మా రాతికి అంచు ఉండదు. ఆ గుండ్రాల మధ్య పెరిగిన కంటికి అంచు అనేది పరాయి వస్తువు. నేను గండికోటకు ఆ కంటితోనే పోయాను.

రాళ్ల తేడా తెలియడానికి నిజానికి అంత దూరం పోనక్కర్లేదు, మా వంటింట్లోనే తెలుస్తుంది. రోలు, సన్నెకల్లు మా కొండరాతివి. చింతపండు నూరినా, పచ్చడికి మామిడికాయ దంచినా వాటికేం కాదు. పొయ్యి గట్టు మీద పరిచేది మాత్రం నల్లటి కడప బండ. దాని మీద నిమ్మరసం చుక్కపడి కాసేపు ఉంటే తుడిచాక తెల్లటి మచ్చ మిగులుతుంది, ఎంత రుద్దినా పోదు. అది మరక కాదు. పులుపు తగిలి అక్కడ రాయి రవ్వంత కరిగింది. ఆ నల్లబండ సున్నపురాయి. వాన చినుకు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువును కలుపుకొని పలచని పులుపుగా మారుతుంది. నిమ్మరసం చేసిన పనినే అది లెక్కకు అందనన్ని ఏళ్లపాటు చేస్తే బెలూం అవుతుంది.

సోమల నుంచి పీలేరు, రాయచోటి మీదుగా కడప పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ వస్తుంది. పాలకోవా కోసం బస్సులు ఆగే ఊరు. కోవా సంగతి అందరికీ తెలుసు, రాయి మారే సంగతి మీద అంతగా చూపు పడదు. రాయచోటి దాకా తోడు వచ్చిన గుండ్లు అక్కడ వెనకపడతాయి. కొండలు పొరలు దేరి, వరసలు కట్టి కనిపిస్తాయి. కడప హరివాణం మొదలైందన్నమాట. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ పేరు పెట్టుకున్న ప్రాంతం ఒకప్పుడు సముద్రం. అందులో పేరుకున్న ఇసుక, ఒండ్రు, సున్నపు బురద తర్వాత రాయిగా మారాయి. ఈ మార్పును ఇంతకన్నా స్పష్టంగా చూడాలంటే తిరుమల ఘాట్ రోడ్డు మీద చూడాలి. అక్కడ కొండ కోతలో కింద మా గ్రానైటు, దాని మీద నేరుగా కడప పొరలు కూర్చుని ఉంటాయి. రెండింటి నడుమ ఉన్న గీతలో కొన్ని పదుల కోట్ల ఏళ్ల కాలం లోపించింది. భారత భూగర్భ సర్వే సంస్థ దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. మా వైపు నుంచి గోవింద నామాలు చెప్పుకుంటూ ఆ మలుపు తిరిగే జనం ప్రతి ఏడూ ఆ ఖాళీని దాటుకుంటూనే కొండెక్కుతున్నారు.

జమ్మలమడుగు నుంచి గండికోట 15 కిలోమీటర్లు. కోట చరిత్రను ఇక్కడ రెండు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. విజయనగర కాలంలోనూ ఆ తర్వాతా పెమ్మసాని నాయకులు ఏలారు. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. ఆ రోజుల్లోనే ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఇక్కడికి వచ్చి చూసి రాసిపెట్టాడు. మాధవరాయస్వామి గుడి గోపురం, జామియా మసీదు మీనారులు, పక్కనే ధాన్యాగారం చూడదగ్గవే. ఐతే వాటి దగ్గర ఎంతసేపు నిలబడ్డా చెవి మసీదు వెనక వైపే ఉంటుంది. అటు నుంచి వచ్చే గాలి మామూలు గాలి కాదు, కింద నుంచి పైకి వీచే గాలి.

మసీదు, రంగనాథస్వామి గుడి దాటాక దారంటూ ఒకటి ఉండదు. బండ మీంచి బండకు అడుగు వేసుకుంటూ పోవాలి. మా గుండ్ల మీద నడిచే కాలు పట్టు కోసం వంపు వెతుకుతుంది. ఇక్కడ కాలికి ప్రతిచోటా చదరం తగులుతుంది, చదరం చివర అంచు తగులుతుంది. ఇంకా ముందేముందో కనిపించదు. లోయ ఉన్నట్టు చివరి అడుగు దాకా కన్ను పసిగట్టలేదు. ఆ అడుగు పడ్డాక ఇక నేల ఉండదు. 300 అడుగుల లోతున నీళ్లు, ఎదురుగా అంతే ఎత్తున ఎర్రటి గోడ. ఇరుకైన చోట ఈ గోడకూ ఆ గోడకూ నడుమ దూరం కూడా ఇంచుమించు 300 అడుగులే.

ఆలంకారికులు అద్భుతానికి విస్మయం స్థాయి అన్నారు, భయానకానికి భయం స్థాయి అన్నారు. రెంటికీ స్తంభం, రోమాంచం ఉన్నాయి. గండికోట అంచున నిలబడితే ఆ రెండు రసాల నడుమ ఎంత పలచని తెర ఉందో ఒంటికి తెలుస్తుంది. కాళ్లు బిగుసుకుంటాయి, ఒళ్లు జలదరిస్తుంది. అది భయమా, విస్మయమా అంటే ముందు భయమే. ఊపిరి కుదుటపడ్డాక అదే జలదరింపు పేరు మారి విస్మయం అవుతుంది. లోయ ఆలంబనం, వెలుతురు ఉద్దీపనం. పక్కనే మేకలు తోలుకొచ్చిన పెద్దాయన ఒకరు, "అంచు దాకా పోవద్దు సామీ, గాలి తోస్తాది" అన్నాడు. ఆ మాట వినగానే ఒక అడుగు వెనక్కి వేశాను. ఆ అడుగు ఎడం లేకపోతే రసం లేదు. ప్రమాదం పూర్తిగా మనదైనప్పుడు మిగిలేది భయం ఒక్కటే, పూర్తిగా ఎవరిదో ఐనప్పుడు అది వట్టి దృశ్యం. ఒక్క అడుగు దూరంలో ఉన్నప్పుడే అద్భుతం పుడుతుంది.

ఇక చూడడం మొదలుపెట్టాలి. గోడ మీద ముందు కనిపించేవి అడ్డగీతలు. ఇవి పొరలు. ఒక్కో పొర ఒకనాటి ఇసుక పరుపు. తర్వాత కన్ను నిలువు గీతల్ని పట్టుకుంటుంది. ఇవి నేల కదిలినప్పుడు రాయి పగిలిన చీలికలు. అడ్డం, నిలువు కలిసేసరికి గోడంతా చదరాలు చదరాలుగా విడిపోతుంది. ఇది క్వార్ట్జైటు. ఇసుక రేణువుల్ని గాజు లాంటి సిలికాయే అతికించి బిగించింది కాబట్టి నీళ్లకు కరగదు. కరగని రాయి విరగాలి. నది దీన్ని నేరుగా గెలవలేదు. అడుగున మెత్తటి పొరలను తినేసి, పైనున్న గట్టి పొరకు ఆధారం లేకుండా చేసి, చీలిక వెంట దాన్ని కూలదోసింది. కొంత దూరం కిందికి దిగి తలెత్తి చూస్తే ఈ పద్ధతి తెలుస్తుంది: మెత్తటి పొర లోపలికి పోయి ఉంటుంది, గట్టి పొర తల ముందుకు చాచి ఉంటుంది, గోడ మొదట్లో నిన్నో వేయేళ్ల కిందో పడ్డ చదరపు దిమ్మలు గుట్టగా ఉంటాయి. ఎక్కడా వంపు లేదు. గండికోట అందమంతా గీత అందం, అంచు అందం.

కోట కట్టినవాళ్లకు ఈ రాయి సగం పని చేసిపెట్టింది. మూలలు తేలిన దిమ్మలు కొండే ఇస్తుంటే తెచ్చి పేర్చారు. కొండ కొసకు ఆనుకుని కట్టిన గోడల్ని దూరం నుంచి చూస్తే కొండ పొర ఎక్కడ ఆగి గోడ వరస ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. మనిషి కట్టడం కొండ వ్యాకరణానికి ఇంతగా తలవంచిన చోటు రాయలసీమలో నేను మరొకటి చూడలేదు.

కాళ్ల కింద బండ మీద సన్నటి అలలు అలలుగా గీతలుంటాయి, వంగి చూస్తే కనిపిస్తాయి. లోతు తక్కువ సముద్రంలో అడుగు ఇసుక మీద నీళ్లు ఊగినప్పుడు ఏర్పడే గీతలే అవి. రాయిగా మారినా చెరిగిపోలేదు. ఈ పొరలకు 150 కోట్ల ఏళ్లకు మించిన వయసు ఉంది. అప్పటికి భూమి మీద చెట్టు లేదు, చేప లేదు, చిప్పపురుగు కూడా లేదు. ఆ అలల గీతల మీద ఇప్పుడు మేకలు నడుస్తున్నాయి. ఎదుటి గోడ ఎంత గొప్పదైనా, గండికోటలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఆ గీతలే. లోయ నీటి బలాన్ని చూపిస్తుంది. ఈ గీతలు నీటి స్పర్శను చూపిస్తాయి.

పొద్దు ఏటవాలుగా ఉన్నప్పుడే ఇక్కడికి రావాలి. మిట్టమధ్యాహ్నం గోడ చదునైపోతుంది, ఎరుపు వెలిసిపోతుంది. పొద్దున పొరపొరకూ కింద ఒక నీడగీత పడుతుంది. పొరలన్నీ అప్పుడే చెక్కినంత స్పష్టంగా లేచి నిలబడతాయి. కింద మైలవరం జలాశయం నీళ్లు వెనక్కి నిలిచి ఉంటే గోడ తిరగబడి నీళ్లలో కనిపిస్తుంది. అది అందమే. ఐనా ఒకటి చెప్పాలి: నిలిచిన నీటికి చప్పుడు లేదు, ఆ గోడను కోసింది పారిన నీరు. చప్పుడు వినిపించని చోట ఆ చప్పుడును మనమే ఊహించుకోవాలి.

దీన్ని భారతదేశపు గ్రాండ్ కాన్యన్ అని పిలవడం అలవాటైపోయింది. ఆ పోలిక నాకు నచ్చదు. అసలు గ్రాండ్ కాన్యన్ 1.6 కిలోమీటర్ల లోతు. దాని పక్కన పెడితే మనది చిన్నదైపోతుంది, మనదాని తీరు ఏమిటో చూడాలన్న బుద్ధీ పోతుంది. పోల్చాలనే ఉంటే తిరుమల ఘాట్‌ను పోల్చండి. 1869లో జాన్ వెస్లీ పావెల్ కొలరాడో నదిలో పడవలేసుకుని దిగిన ఆ లోయ అడుగున కూడా ముసలి రాతి మీద పొరల రాయి నేరుగా కూర్చుని ఉంటుంది, నడుమ కోట్ల ఏళ్లు గల్లంతై ఉంటాయి. అక్కడివాళ్లు దాన్ని దగ్గరగా చూడ్డానికి లోయ అడుగు దాకా దిగాలి. మనకది బస్సు కిటికీలోంచే కనిపిస్తుంది.

పెన్న కర్ణాటకలో నంది కొండల వైపు పుట్టింది. చిత్రావతి కూడా అటువైపే పుట్టి, గండికోటకు ఎగువన పెన్నలో కలుస్తుంది. మా మదనపల్లె బాహుదా నీళ్లూ చెయ్యేరై చివరికి పెన్నలోకే పోతాయి, కాకపోతే గండికోట దాటిన తర్వాత. ఈ లోయను కోయడంలో మా నీటికి వాటా లేదన్న బాధ నాకు కొంచెం ఉంది. కొండ అడ్డొస్తే నది చుట్టు తిరిగి పోవాలి కదా, గండికోట దగ్గర ఈ ఎర్రమల కొండల్ని నిలువునా ఎందుకు కోసింది? ఇలాంటి చోట్ల భూగర్భ శాస్త్రం ఇచ్చే జవాబుల్లో నాకు ఇష్టమైనది ఒకటుంది: నది కొండ కన్నా ముందే ఉండొచ్చు. నేల మెల్లగా పైకి లేస్తుంటే నది తన పాత దారి వదలకుండా అంతే మెల్లగా కోసుకుంటూ ఉండిపోతుంది. ఇలా చూస్తే కొండ నదికి అడ్డం వచ్చింది, నది కొండకు అడ్డం పోలేదు.

గండికోట నుంచి కొలిమిగుండ్ల వైపు సాగే దారిలో భూమి చదునవుతుంది. చేల గట్లకు, పశువుల కొట్టాలకు, ఇంటి కప్పులకు కూడా నాపరాళ్లే. గని నుంచి పలకలుగా లేచొచ్చే ఈ రాయి తాడిపత్రి, బేతంచెర్ల, కొలిమిగుండ్ల చుట్టుపక్కల జనానికి కూడూ గూడూ. పెద్ద పెద్ద సిమెంటు ఫ్యాక్టరీలూ ఈ సున్నపురాయి కోసమే వచ్చాయి. మా పొయ్యి గట్టు మీది నల్లబండ పుట్టిల్లు ఇదే.

బెలూం గుహలు నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉన్నాయి. పైన చూస్తే ఏమీ లేదు. కొండ లేదు, కొండ జాడ లేదు. చదునైన నేలలో బావుల్లాంటి మూడు గుంతలు, నడిమి దాన్లోంచి మెట్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటి సంగతి నమోదు చేశాడు. 1982, 83ల్లో డేనియల్ గెబావర్ నాయకత్వాన జర్మన్ బృందం లోపల తిరిగి కొలిచింది. 2002లో జనం చూడ్డానికి తెరిచారు. కొలిచిన పొడవు 3,229 మీటర్లు. అందులో మనల్ని పోనిచ్చేది దాదాపు కిలోమీటరున్నర.

మెట్లు దిగిన పది నిమిషాలకు నాకు అర్థమైంది, ఇదీ ఒక నదీలోయే. పైకప్పు ఊడిపోని లోయ. చిత్రావతి నీళ్లు ఒకప్పుడు నేల లోపల సున్నపురాతి పొరల సందుల్లో, చీలికల్లో దూరి ఈ దారులు తొలిచాయని చెబుతారు. ఫ్రాన్సులో వెర్దాన్ నది సున్నపురాతిని కోసిన లోయ ఒకటుంది, కొన్ని చోట్ల 700 మీటర్ల లోతు, ఇప్పుడది ప్రకృతి పార్కు. 1905లో దాని పొడవునా దిగి దారి కనిపెట్టిన ఎదువార్ మార్టెల్ అసలు గుహల మనిషి, గుహల శాస్త్రానికి ఆద్యుల్లో ఒకడు. గుహలు తెలిసినవాడే ఆ లోయను చదవగలిగాడంటే నాకు ఆశ్చర్యం లేదు. సున్నపురాతి దేశాల్లో గుహకూ లోయకూ దగ్గరి చుట్టరికం.

లోపల అంచు లేదు. గండికోటలో అంచుకు అలవాటు పడ్డ కన్ను ఇక్కడ ఒక్క మూల కోసం వెతుక్కుంటుంది. గోడ కప్పులోకి ఒరిగిపోతుంది, కప్పు గోడలోకి జారిపోతుంది. నీటి సుడి తిరిగిన చోట గోడలో గిన్నెంత గుంట, ప్రవాహం సాగిన చోట పొడవాటి వంపు. విరగని రాయి ఇలా ఒరుగుతుంది. కరిగేటప్పుడు ముందు పోయేవి మూలలే కాబట్టి ఇక్కడ కూడా మా సోమల గుండ్ల నున్నదనమే. తేడా ఒక్కటే: మా గుండ్రం బయటినుంచి చూసేది, ఇది లోపల నిలబడి చూసేది. మా గుండును చుట్టి రావచ్చు. ఇక్కడ గుండ్రమే మనల్ని చుట్టుకుని ఉంటుంది.

గండికోటలో కన్నుకే పని, బెలూంలో ఒళ్లంతటికీ పని. వంగాలి, ఒక భుజం ముందుకు పెట్టి పక్కకు జరగాలి, తల కాచుకోవాలి. లోపల ఉక్క. గాలి పంపే గొట్టాలున్నా చొక్కా తడిసిపోతుంది. ఈ చెమటను దాచి రాయడం నాకిష్టం లేదు, అది కూడా అనుభవంలో భాగమే. అంచున నిలబడి ఎదుటి గోడను చూసేవాడికి తాను వేరు, లోయ వేరు. ఇక్కడ ఆ ఎడం లేదు. మనం నిలబడింది నీళ్లు ఉన్న చోటులో. ఈ దారి పొడవు, వెడల్పు, మలుపు అన్నీ నీటి కొలతలు. నీళ్లు పోయాక మిగిలిన ఆకారంలో మనం నడుస్తున్నాం. ఇక్కడి రసం అద్భుతం అని మాత్రమే అంటే చాలదు. విస్మయం చల్లారాక వచ్చే శమం ఒకటి ఇక్కడుంది, దాన్ని శాంతమనే అంటాను.

ఇంకో సంగతి గండికోటలో లేనిది ఇక్కడుంది. అక్కడ నీరు తీసుకుపోతుందే గానీ తిరిగి ఇవ్వదు. విరిగిన దిమ్మ విరిగిందే. ఇక్కడ కరిగిన సున్నం నీళ్లలోనే ఉండి, చుక్కలుగా కారే చోట మళ్లీ రాయి అవుతుంది. కప్పు నుంచి కిందికి, నేల నుంచి పైకి పెరిగి కొన్నిచోట్ల రెండూ కలిసి స్తంభమవుతాయి. కోటిలింగాలు, ఊడలమర్రి, వేయి పడగలు అని పేర్లు పెట్టిన గదులన్నీ ఈ తిరిగి పుట్టిన రాయే. దారి చూపించే మనిషి "ఇదిగో అన్నా, పడగ" అని చెప్పగానే అది పడగ అయిపోతుంది. ఆ పేరు వినక ముందు ఒక నిమిషం చూసుకోండి. చుక్క తర్వాత చుక్క అంచుల్లో వదిలిన సున్నపు వలయాలు అప్పుడే కనిపిస్తాయి. చేత్తో మాత్రం తాకొద్దు. చేతి జిడ్డు అంటితే అక్కడ పెరుగుదల ఆగిపోతుంది. సప్తస్వరాల గుహ అనే చోట వేలాడే రాళ్లను తడితే లోహపు గొంతుతో పలుకుతాయి. విరిగే రాతిలో ఆ నాదం రావడం నేనెప్పుడూ వినలేదు.

అన్నిటికన్నా లోతైన చోటు పాతాళగంగ, వాకిలి నుంచి 46 మీటర్లు కింద. చిన్న ధార వచ్చి బండ సందులో దూరి కనపడకుండా పోతుంది. అక్కడ నిలబడితే నాకు కలిగింది పారవశ్యమో దుఃఖమో విడదీసి చెప్పలేను. పైన ఉన్నది రాయలసీమ. బోరు వెయ్యి అడుగులు దింపినా దుమ్ము లేచే ఊళ్లు, వానకోసం కప్పతల్లిని ఊరేగించే ఊళ్లు. మన దేశంలో నీటి చేతిపనికి ఇంత గొప్ప సాక్ష్యాలు రెండు దొరికింది ఇలాంటి నేలలో. ఈ దారులన్నీ తొలిచిన నీళ్లు ఏనాడో దిగిపోయాయి. అవి దిగిపోయాయి కాబట్టే మనం నడవగలుగుతున్నాం.

ఒక్క కోరిక. లోపల రంగురంగుల దీపాలు పెట్టారు. ఎర్రటి, పచ్చటి వెలుగులో నాపరాతి నలుపు, బూడిద, తేనెరంగు పొరలు మునిగిపోతాయి. ఈ రాతికి తన రంగులు చాలు, తెల్లటి దీపం ఒక్కటి ఏటవాలుగా పెడితే వంపులన్నీ వాటంతట అవే లేస్తాయి.

పోయేవాళ్లు వరస మార్చకండి. తొలిరోజు తెల్లవారేసరికి గండికోట అంచున ఉండాలి, ఎండ ముదిరాక కొలిమిగుండ్ల దారి పట్టాలి. మధ్యాహ్నమంతా బెలూంలో గడపవచ్చు, అక్కడ పొద్దుతో పని లేదు. ముందు బెలూం చూసి తర్వాత గండికోట పోతే వంపులకు మరిగిన కన్ను ఆ గోడను మొరటుదనుకుంటుంది. ముందు అంచు చూసి ఉంటేనే వంపు విలువ తెలుస్తుంది. వేసవిలో మాత్రం వద్దు, బండ సెగ కింద నుంచి కొడుతుంది. కార్తీకం నుంచి మాఘం దాకా ఎప్పుడైనా మంచిదే. వాడిన చెప్పులు, రెండు సీసాల నీళ్లు, ఒక మంచి టార్చిలైటు ఉంటే చాలు.